నెలల పేర్లు, కార్తెల పేర్లు



మృగశిర కార్తె ఎప్పుడు వస్తుందని అడిగితే మన కర్నూలు, కడప సీమలలో గొర్రెలు కాచే పిల్లవాడైనా చెబుతాడు. జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో, ముంగారి వానలకు ముందర. మార్గశిర మాసం ఎప్పుడని అడిగితే ఇంట్లో అవ్వ చెబుతుంది. డిసెంబరులో, తెల్లవారుజామున చలికి దుప్పటి వదలబుద్ధి కాని రోజుల్లో. రెండూ మృగశిర పేరే పెట్టుకున్నాయి. మధ్య ఎడం మాత్రం ఆరు నెలలు. ఇదొక్కటే కాదు. చిత్త కార్తె అక్టోబరులో, చైత్ర మాసం ఉగాదికి. కృత్తిక కార్తె మే నెల ఎండల్లో, కార్తీక మాసం నవంబరు మంచులో. మఖ కార్తె ఆగస్టులో, మాఘ మాసం శివరాత్రికి.

ఇది పంచాంగకర్తల పొరపాటేమీ కాదు. రెండు పేర్లూ సరైనవే. ఒకటి సూర్యుణ్ణి చూసి పెట్టినది, మరొకటి చంద్రుణ్ణి చూసి పెట్టినది. ఏ పేరు ఎవరి లెక్కో తెలియకపోతే పండగకు వచ్చే నష్టమేమీ లేదు గాని, విత్తనానికి వస్తుంది. అందుకే ఈ ముచ్చట.

మన తెలుగులో నెల అంటే ముప్పై దినాలు మాత్రమే కాదు, చంద్రుడు కూడా. నెలవంక అంటున్నాము, నెలరాజు అంటున్నాము. సంస్కృతంలో మాసం అనే మాటకూ చంద్రుడే మూలం. గడియారమూ కాగితమూ లేని కాలంలో మనిషి చేతికి చిక్కిన మొదటి కొలమానం చంద్రుడే గదా. పెరుగుతాడు, తరుగుతాడు, మళ్ళీ పెరుగుతాడు. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సుమారు 29½ దినాలు.

చంద్రుడు ఆకాశంలో నడిచే దారి పొడుగునా పూర్వులు 27 చోట్ల గుర్తులు పెట్టుకున్నారు. కొన్నిచోట్ల ఒకే చుక్క, కొన్నిచోట్ల చుక్కల గుంపు. అశ్విని మొదలు రేవతి దాకా మనం చెప్పుకునే నక్షత్రాలు ఇవే. చంద్రుడు రోజుకొక నక్షత్రం చొప్పున దాటుకుంటూ 27 దినాల పైచిలుకుకు ఒక చుట్టు తిరిగి వస్తాడు. సూర్యుడు కూడా ఇంచుమించు అదే దారిలో నడిచినట్టు మనకు కనిపిస్తాడు, కాని నిదానంగా, ఏడాదికి ఒక్క చుట్టు. 365 దినాలను 27 నక్షత్రాలకు పంచితే ఒక్కొక్క దానికి 13½ దినాలు వస్తాయి. సూర్యుడు ఒక నక్షత్రంలో వుండే ఆ 13, 14 దినాలనే మనం కార్తె అంటున్నాము. మృగశిర కార్తె అంటే సూర్యుడు మృగశిరలో వున్నాడని అర్థం.

నెలకు పేరు పెట్టిన పద్ధతి వేరు. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర వుంటాడో చూసి, ఆ పేరు ఆ నెలకు పెట్టారు. మార్గశిర మాసం అంటే పున్నమి చంద్రుడు మృగశిర దగ్గర వుండే నెల.

ఇక ఆరు నెలల ఎడం ఎందుకు వచ్చిందో చూడండి. మీరు కళ్ళం నడుమ గుంజ దగ్గర నిలుచున్నారనుకోండి. కళ్ళం అంచున చుట్టూ 27 రాళ్ళు పెట్టాము, అవి నక్షత్రాలు. పున్నమినాడు సాయంకాలం పడమట సూర్యుడు దిగిపోతూ వుంటే తూర్పున చంద్రుడు లేస్తాడు. అంటే మీ వెనుక ఒకడు, మీ ముందర ఒకడు, నడుమ మీరు. పున్నమి చంద్రుడు మృగశిర రాయి దగ్గర వున్నాడంటే సూర్యుడు సరిగ్గా ఎదురు రాళ్ళ దగ్గర, జ్యేష్ఠ, మూలల దగ్గర వుండాలి. డిసెంబరులో మనకు నడిచే కార్తెలు అవే. సూర్యుడు నడుచుకుంటూ వచ్చి మృగశిర రాయిని చేరుకోవడానికి సగం చుట్టు, అనగా ఆరు నెలలు పడుతుంది. అప్పటికి జూన్ వస్తుంది. లెక్క అంతే.

ఇందులోనే మరో సంగతి వున్నది. మృగశిర కార్తెలో మృగశిర చుక్కలు కంటికి కనబడవు. సూర్యుడితో పాటే లేచి సూర్యుడితో పాటే దిగిపోతాయి, ఆ వెలుగులో మునిగి వుంటాయి. మార్గశిర మాసంలో అయితే పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా మన నెత్తిమీదుగా నడుస్తాయి. కాబట్టి నెల పేరు చేనికి కాపలా పడుకున్న ఎవరైనా కంటితో చూసి సరిచూసుకోగలిగినది. కార్తె పేరు లెక్క కట్టి తెలుసుకోవలసినది. ఈ కష్టమైన లెక్కను అక్షరం రాని రైతు నోటికి నేర్చుకుని తరతరాలుగా వాడుకుంటూ వస్తున్నాడంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే వుంటుంది.

పన్నెండు నెలల పేర్లూ ఇలా పుట్టినవే. చిత్త నుంచి చైత్రం, విశాఖ నుంచి వైశాఖం, జ్యేష్ఠ నుంచి జ్యేష్ఠం, శ్రవణం నుంచి శ్రావణం, పుష్యమి నుంచి పుష్యం, మఖ నుంచి మాఘం. ఇవి వింటేనే తెలిసిపోతాయి. ఆషాఢానికి పూర్వాషాఢ, ఉత్తరాషాఢ అని రెండు నక్షత్రాలు. భాద్రపదానికి పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర. ఫాల్గుణం ఎక్కడినుంచి వచ్చిందని కొందరు అడుగుతారు. మనం వాడుకలో పుబ్బ, ఉత్తర అనే నక్షత్రాల అసలు పేర్లు పూర్వఫల్గుని, ఉత్తరఫల్గుని. ఫల్గుని నుంచి ఫాల్గుణం. అశ్విని నక్షత్రానికి అశ్వయుజ్ అని పాత పేరు, గుర్రాలను పూన్చినది అని అర్థం. దాని నుంచి ఆశ్వయుజం. కార్తీకానికి కృత్తిక. పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ చిన్న చుక్కల గుంపే కృత్తిక. కార్తీక పున్నమినాడు రాత్రి చంద్రుడి పక్కనే చూడండి, వెన్నెలకు కొంచెం వెలవెలబోయి కనిపిస్తుంది.

27 నక్షత్రాలను 12 నెలలకు పంచితే సమానంగా రావు. అందుచేత పున్నమి చంద్రుడు ప్రతి ఏడూ అదే చుక్కను తాకుతూ నిలబడడు. ఒక నక్షత్రం ముందో వెనుకో వుంటాడు. పేరు మాత్రం మారదు.

ఈ పేర్లకంటె ముందు వేదకాలంలో నెలలకు మరో వరుస పేర్లు వుండేవి. తైత్తిరీయ సంహితలో అవి వున్నాయి. మధు, మాధవ, శుక్ర, శుచి, నభ, నభస్య, ఇష, ఊర్జ, సహ, సహస్య, తప, తపస్య. వీటిలో నక్షత్రం ఊసు లేదు, అంతా ఋతువే. మధు, మాధవాలు తేనె దొరికే వసంత మాసాలు. శుక్ర, శుచులు మండే ఎండాకాలం. నభ, నభస్యాలు మబ్బు మూసే వానకాలం. ఇష అంటే ఆహారం, ఊర్జ అంటే బలం. మన ఆశ్వయుజ, కార్తీకాలు, గింజ ఇంటికి చేరే రోజులు. నన్నడిగితే ఇవే అసలైన సేద్యపు పేర్లు. ఎందుకు మరుగునపడ్డాయంటే, రేపటి నుంచి నభస్సు మొదలని మబ్బును చూసి చెప్పడం కుదరదు. పున్నమి చంద్రుడిని చూసి చెప్పడం కుదురుతుంది. గురుతు నిలకడగా వున్న పేరే నిలబడింది.

సరే, చంద్రుడి లెక్కలో ఒక చిక్కు వున్నది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 దినాలే. ఋతువులను తిప్పేవాడు సూర్యుడు, అతని ఏడాది 365 దినాలు. ప్రతి ఏటా 11 దినాలు వెనుకబడుతుంది. అలాగే వదిలేస్తే పదహారేళ్ళకు ఉగాది ఆశ్వయుజపు వానల్లో వస్తుంది. దీనికి మందుగా పెద్దలు అధిక మాసం కనిపెట్టారు. ఏ చాంద్రమాసంలో సూర్యుడు కొత్త రాశిలో అడుగుపెట్టడో, అనగా ఏ నెలలో సంక్రమణం లేదో, అది అధిక మాసం. దానికి సొంత పేరు లేదు, వెనుక వచ్చే నెల పేరే అరువు తెచ్చుకుంటుంది. 19 ఏళ్ళలో ఇలాంటివి 7 వస్తాయి. 2018లో అధిక జ్యేష్ఠం, 2020లో అధిక ఆశ్వయుజం, 2023లో అధిక శ్రావణం, 2026లో మళ్ళీ అధిక జ్యేష్ఠం.

అధిక మాసం వల్ల పండగ ఋతువును విడిచి పారిపోదు. కాని ఒక నెల మేర ముందుకూ వెనక్కూ ఊగుతూ వుంటుంది. మన ఏరువాక పున్నమినే తీసుకోండి. అది జ్యేష్ఠ పున్నమి. 2023లో జూన్ 4న వచ్చింది. అప్పటికి ఇంకా రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు. 2026లో అధిక జ్యేష్ఠం కారణంగా జూన్ 29. అప్పటికి ఆరుద్ర కార్తె నడుస్తూ వుంటుంది. ఒకే పున్నమి, ఒకే పూజ, కాడికి అదే పసుపు కుంకుమ. నేల మాత్రం ఒకటి కాదు. ఒక ఏడు పదును లేని దుక్కి, మరో ఏడు విత్తనానికి సిద్ధమైన చేను. పూజ చేసిన మరునాడే గొర్రు కట్టాలని పట్టుపట్టేవాడు ఏదో ఒక ఏడు దెబ్బ తింటాడు.

శ్రావణం సంగతి ఇంకా ముఖ్యం. చెనక్కాయ శ్రావణంలో వేస్తామని మెట్టప్రాంతాలలో చాలామంది అంటారు. మామూలు ఏళ్ళలో ఆ మాటకు తప్పేమీ లేదు. 2025లో శ్రావణ మాసం జూలై 25న మొదలైంది. 2023లో మాత్రం జూలై 18న అధిక శ్రావణం వచ్చి, నిజ శ్రావణం ఆగస్టు 17న గాని రాలేదు. రెండు ఏళ్ళ నడుమ 23 దినాల తేడా. ఎర్రనేలలో వానాధారపు చెనక్కాయకు జూలై మంచి అదును. నెల దాటినకొద్దీ దిగుబడి కోసుకుపోతుంది. కదిరి-6 వంటి గుత్తిరకం 100 నుంచి 105 దినాలు చేనిలో వుండాలి. ఆగస్టు 17న వేస్తే నవంబరు చివర గాని కోతకు రాదు, కాయ ఊరే సమయానికి నేలలో తడి వుంటుందన్న నమ్మకం లేదు. పైగా 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తరువాత ఎన్నడూ లేనంత పొడి ఆగస్టు. శ్రావణాలు రెండు వచ్చాయి, శ్రావణ మేఘాలు రాలేదు.

అదే కార్తె లెక్కన చూడండి. పుష్యమి కార్తె ఏ ఏడైనా జూలై 19, 20 తేదీలలోనే మొదలవుతుంది. అధిక మాసం దానిని కదిలించలేదు. ముంగారి వాన పునర్వసు, పుష్యమి కార్తెలలో పదునైతే చెనక్కాయ వెయ్యవచ్చు అంటే ఏ ఏటికైనా ఆ మాట నిలుస్తుంది. హింగారిలోనూ అంతే. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో జొన్నకు ఉత్తర, హస్త కార్తెలు, శెనగకు చిత్త, స్వాతి కార్తెలు అని వాడుక. తేదీలలో చెబితే సెప్టెంబరు 13 నుంచి అక్టోబరు 10 దాకా మొదటి జంట, అక్కడి నుంచి నవంబరు 5, 6 దాకా రెండవ జంట. సిఫారసులకు దగ్గరగానే వున్నది గదా.

సూర్యుడి లెక్క, చంద్రుడి లెక్క రెండూ ఒకే చోట చూడాలంటే శ్రీశైలం పోవాలి. మొన్నటిదాకా కర్నూలు జిల్లాలో వుండి, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చిన క్షేత్రం. మల్లికార్జునస్వామికి ఏడాదిలో రెండుసార్లు బ్రహ్మోత్సవాలు. ఒకటి మకర సంక్రాంతికి, ఒకటి మహాశివరాత్రికి. సంక్రాంతి సూర్యుడి పండగ, కాబట్టి జనవరి 14, 15 తేదీలను దాటిపోదు. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, చంద్రుడి పండగ. 2023లో ఫిబ్రవరి 18, 2024లో మార్చి 8, 2025లో ఫిబ్రవరి 26. ఒకే గుడిలో ఒక ఉత్సవం పాతిన గుంజలాగా వుంటుంది, మరొకటి పలుపు పొడుగు మేర తిరుగుతుంది.

శివరాత్రి నాటి రాత్రి అక్కడ పాగాలంకరణ జరుగుతుంది. గర్భాలయ విమానానికి నేతగాడు తన చేత్తో నేసిన పాగాను చుడతాడు. ఆ బట్టను దినానికి ఒక మూర చొప్పున ఏడాదిపాటు, 365 దినాలు నేస్తారని చెబుతారు. ఇక్కడ నాకొక చిన్న లెక్క తోస్తుంది. శివరాత్రికీ శివరాత్రికీ నడుమ ఎన్నడూ 365 దినాలు వుండవు. 2023 నుంచి 2024కు 384, అక్కడి నుంచి 2025కు 355. మగ్గం సూర్యుడి లెక్కన నడుస్తుంది, చుట్టే రాత్రి చంద్రుడి లెక్కన వస్తుంది. రెంటినీ కలుపుకోవలసినవాడు నేతగాడు. మన రైతు పరిస్థితీ అదే.

శివరాత్రికి ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా నల్లమల అడవిలో నడిచివచ్చే యాత్రికులలో మనవాళ్ళే ఎక్కువ. ఉగాదికి కన్నడిగులు అదే దారిన వేల సంఖ్యలో వస్తారు. వాళ్ళకూ మనకూ నెల లెక్క ఒకటే, అమావాస్యతో నెల ముగుస్తుంది, పాడ్యమితో కొత్త నెల. కాశీ వైపు నుంచి వచ్చిన యాత్రికుణ్ణి శివరాత్రి నాడు ఇది ఏ మాసమని అడగండి. ఫాల్గుణం అంటాడు. మనం మాఘం అంటాము. ఇద్దరూ చూస్తున్నది ఒకే రాత్రి. ఉత్తరాదిలో పున్నమితో నెల ముగిస్తారు గనుక బహుళ పక్షం వచ్చేసరికి వాళ్ళు తరువాతి నెల పేరుకు పోతారు. శుద్ధ పక్షంలో మళ్ళీ ఇద్దరి పేరూ ఒకటవుతుంది. భ్రమరాంబాదేవికి జరిపే కుంభోత్సవం చైత్ర పున్నమి తరువాత వచ్చే మొదటి మంగళవారమో శుక్రవారమో, ఏది ముందైతే అది. అంటే నెల, పున్నమి, వారం మూడూ కలిస్తేగాని ఆ రోజు తేలదు. విజయనగర కాలపు శాసనాలలో కూడా తేదీ ఇలాగే వుంటుంది. శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం. ఇన్ని గుర్తులు వుండబట్టే ఒకటి అరిగిపోయినా మిగిలిన వాటితో ఆ దినాన్ని నేటి పండితులు పట్టుకోగలుగుతున్నారు.

మన పల్లెల్లో మరో లెక్క కూడా నడుస్తున్నది. పీర్ల పండగ చూడండి. హిందువులూ ముసల్మానులూ కలిసి చేసుకునే ఆ పండగ ఒకప్పుడు ఎండాకాలంలో, ఒకప్పుడు వానల్లో, ఒకప్పుడు చలిలో వస్తుంది. హిజ్రీ నెలలు శుద్ధ చాంద్రమాసాలు, అందులో అధిక మాసం లేదు. ఏటా 11 దినాలు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళకు మళ్ళీ మొదటి ఋతువుకు వస్తాయి. రబీ ఉల్ అవ్వల్ అంటే తొలి వసంతం అని అర్థం, రంజాన్ అనే మాటలో మాడ్చే వేడి వున్నది. పేరు పెట్టిననాడు ఋతువును చూసి పెట్టారు, లెక్క మారిన తరువాత పేరు మాత్రం మిగిలింది. మనం నిత్యం వాడే ఖరీఫ్, రబీ మాటలు కూడా అరబ్బీవే. ఖరీఫ్ శరత్కాలం, రబీ వసంతం. విత్తే కాలం కాదు, కోసే కాలం. ఈ సంగతి తెలియక జూన్ వానలకు ఖరీఫ్ పేరేమిటని తికమకపడేవాళ్ళు వున్నారు.

ఈ హిజ్రీ లెక్కన శిస్తు వసూలు చెయ్యబోతే పాలకులకు చిక్కు వచ్చింది. పంట సూర్యుడితో వస్తుంది, కిస్తు చంద్రుడితో వస్తుంది. పంట ఇంటికి రాకముందే కిస్తు వాకిట్లో నిలబడుతుంది. అందుకని అక్బరు కాలంలో ఫసలీ సంవత్సరం పెట్టారు. ఫసల్ అంటే పంట. షాజహాను కాలంలో అది దక్కనుకు వచ్చింది. కడప సీమ 1800లో, కర్నూలు 1839లో ఇంగ్లీషువారి చేతికి పోయినా ఫసలీ పోలేదు. మన రెవెన్యూ లెక్కలలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది, ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసివేస్తే ఫసలీ వస్తుంది. 2024 జూలైలో మొదలైనది 1434 ఫసలీ. జమాబందిలో ఆ అంకె చూసి భయపడే పని లేదు.

ఇంగ్లీషు నెలల సంగతి రెండు మాటల్లో చెబుతాను. అవి రోమనుల నెలలు. మార్చి, జనవరి, జూన్ లాంటివి వాళ్ళ దేవతల పేర్లు. జూలై, ఆగస్టులకు పాత పేర్లు అయిదోది, ఆరోది అనే అంకెలే. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు పేర ఒకటి, క్రీ.పూ. 8లో అగస్టస్ చక్రవర్తి పేర మరొకటి మార్చారు. సెప్టెంబరు అంటే ఏడు, అక్టోబరు ఎనిమిది, నవంబరు తొమ్మిది, డిసెంబరు పది. మన సప్త, అష్ట, నవ, దశలకు అవి చుట్టాలే. మరి సెప్టెంబరు తొమ్మిదో నెల ఎట్లా అయింది? వాళ్ళ పాత ఏడాది కూడా మన ఉగాదిలాగే మార్చితో మొదలయ్యేది. తరువాత మొదలు జనవరికి జరిగింది, అంకెల పేర్లు వున్నచోటనే వుండిపోయాయి. ఈ లెక్కలోనూ తప్పులు పోగుపడితే 1582లో పది దినాలు, ఇంగ్లీషు రాజ్యంలో 1752లో పదకొండు దినాలు ఎత్తివేశారు.

మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఇంటి లెక్కలను సరిచూడడానికి 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఒక సంఘం వేశారు. దేశంలో 30 రకాల పంచాంగాలు నడుస్తున్నట్టు ఆ సంఘం తేల్చింది. దాని సిఫారసు మీద 1957 మార్చి 22న, శక 1879 చైత్రం 1వ తేదీతో జాతీయ పంచాంగం మొదలైంది. రేడియోలో శక తేదీ చెబుతారే, అది ఇదే. ఒక్క జాగ్రత్త. ఆ పేర్లు మన పేర్లే అయినా అవి సౌరమాసాలు. జాతీయ చైత్రం మార్చి 22న, లీపు సంవత్సరంలో 21న మొదలవుతుంది, మన ఉగాదితో దానికి పని లేదు. జాతీయ శ్రావణం ప్రతి ఏటా జూలై 23. శ్రావణం 1 అని రేడియోలో విని, ఇంట్లో పంచాంగం చూసి ఇంకా ఆషాఢమే అంటున్నదేమని అడిగిన రైతులను నేనెరుగుదును.

కార్తె ఎప్పటికీ కదలదా అంటే, కదులుతుంది, కాని మహా మెల్లగా. చుక్కల లెక్కన సూర్యుడి ఏడాది ఋతువుల ఏడాదికంటె సుమారు 20 నిమిషాలు ఎక్కువ. 72 ఏళ్ళకు ఒక దినం. 1863లో వివేకానందుడు పుట్టిన సంక్రాంతి జనవరి 12, ఇప్పుడు 14, 15. తైత్తిరీయ సంహిత నాటి వరుసలో నక్షత్రాలు కృత్తికతో మొదలయ్యేవి, తరువాతి కాలంలో అశ్వినికి వచ్చాయి, ఇదే కదలిక వల్ల. వెయ్యేళ్ళకు ఇంచుమించు ఒక కార్తె జరుగుతుందన్నమాట. తాత నుంచి మనవడికి ఒక దినం కూడా తేడా రాదు గనుక విత్తనాలకు దీనితో బాధ లేదు. ఎవరైనా వేల ఏళ్ళ నాటి వాన శాస్త్రాన్ని కార్తె పేర్లతో అలాగే తెచ్చి అప్పగిస్తే మాత్రం ఒప్పుకోనక్కరలేదు.

మరొక మాట కూడా చెప్పాలి. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయంటారు. మఖ, పుబ్బలు వరుపైతే కాటకం అంటారు. రెండవ మాటలో చాలా నిజం వున్నది, ఎందుకంటే ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా మన మెట్ట పైర్లు పూతా కాపూ మీద వుంటాయి. మొదటిది ఆశ మాత్రమే. నక్షత్రం వాన తేదు. సూర్యుడు ఏడాది దారిలో ఎక్కడున్నాడో కార్తె చెబుతుంది, అదును ఎంత మిగిలిందో చెబుతుంది. పదును సంగతి మాత్రం గొర్రు దించేముందు మట్టిని పిడికిట పట్టి చూసుకోవలసిందే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మన కరపత్రాలలో "జూలై రెండవ పక్షం" అని రాస్తూ వుంటాము. మనకు అది 16వ తేదీ నుంచి 31 దాకా. పక్షం అంటే శుద్ధమో బహుళమో తెలిసిన రైతుకు అది పున్నమి వెళ్ళిన తరువాత అని వినబడుతుంది. పదిరోజులు అక్కడే పోతాయి. ఊళ్ళో నల్లబల్ల మీద రాసేటప్పుడు తేదీ రాసి, పక్కన కార్తె పేరు రాయండి. వాన కొలిచే పుస్తకంలో కూడా తేదీ వరుసకు పక్కన కార్తెకు ఒక గడి గీసుకోండి. ఇప్పుడు కావలసిన తేదీలు ఇవి, ఒక దినం అటూ ఇటూ కావచ్చు. రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22, పునర్వసు జూలై 6, పుష్యమి జూలై 20, ఆశ్లేష ఆగస్టు 3, మఖ ఆగస్టు 17, పుబ్బ ఆగస్టు 30, ఉత్తర సెప్టెంబరు 13, హస్త సెప్టెంబరు 27, చిత్త అక్టోబరు 10, స్వాతి అక్టోబరు 24. అయిదారేళ్ళ వానను ఈ గడులలో కూడి చూస్తే మీ ఊరికి ఏ కార్తె నమ్మకమైనదో, ఏది ఎగవేసేదో మీ పుస్తకంలోనే కనిపిస్తుంది. ఆ లెక్కను పక్క ఊరి లెక్కతో కలపకండి. నల్లమల వారన కురిసిన వాన పది మైళ్ళు దాటి పడమటికి రాదు.